జెండా మోసిన దాసుడు

చదువవలసిన వాక్యభాగము: లూకా సువార్త 17:7-10

ఈ నాలుగు వచనములు మన సంఘములలో ప్రసంగమునకు తరచుగా తీసికొనబడవు. ప్రభువు చెప్పిన ఉపమానములలో ఇది మిక్కిలి చిన్నది, మిక్కిలి కఠినమైనది కూడ. పగలంతయు పొలము దున్నియో మందను కాచియో ఇల్లు చేరిన దాసునితో, అలసితివి గదా, ముందు నీవు భుజించుమని ఆ యజమానుడు అనడట. ముందు నా భోజనము సంగతి చూడుము, నీ సంగతి తరువాత చూచుకొనవచ్చుననునట. పని ముగిసిన పిమ్మట ఒక మంచి మాటయైనను చెప్పడట. మీరును ఆ దాసునివలెనే, అప్పగింపబడిన పనియంతయు ముగించిన తరువాత, మా విధి మేము నెరవేర్చితిమి, అంతకు మించి యేమియు లేదని చెప్పుకొనుడని ప్రభువు శిష్యులకు నేర్పెను. ఈ భాగము గుడిలో చదువబడినప్పుడు ఒక వింత కనబడును. పని చేయువారు తల వంచుకొందురు. పని చేయించువారు తల ఊపుదురు.

ఈ నెల మన ధ్యానమునకై ఈ వాక్యభాగము ప్రక్కన ఒక మనుష్యుని జీవితమును పెట్టదలచితిమి. ఆయన మన దేశస్థుడు కాడు, మన కాలమువాడును కాడు. ఆయన పేరు విలియం హార్వీ కార్నీ. ఉపమానములోని దాసుడను మాట మనకు అలంకారముగా వినబడును, ఆయనకట్లు కాదు. ఆయన దాస్యములోనే పుట్టెను. పెద్దవాడై, రక్తము కారుచున్న దేహముతో, ఈ ఉపమానములోని దాసుని మాటవంటి మాటనే తన నోట పలికెను. ఆ మాట విన్న దేశము తాను చేయవలసినది చేయుటకు 37 సంవత్సరములు తీసికొనెను.

కార్నీ 1840 ఫిబ్రవరి 29వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమందు నార్ఫోకు అను రేవు పట్టణములో జన్మించెను. ఆ దినములలో దక్షిణ రాష్ట్రములందు ఆఫ్రికా సంతతివారు పశువులవలె కొనబడుచు అమ్మబడుచు ఉండిరి. అంతర్యుద్ధము వచ్చు నాటికి అట్టివారు దాదాపు 40 లక్షలమంది. వారికి చదువు రాకూడదని యజమానులు మిక్కిలి జాగ్రత్త తీసికొనిరి. చదువు నేర్చినవాడు వాక్యము తానే చదువుకొనును గదా! నల్లవారికి చదువు చెప్పుటకై కూడు కూటములను వర్జీనియా చట్టము నిషేధించెను. ఆ నార్ఫోకులోనే మార్గరెట్ డగ్లస్ అను తెల్లజాతి స్త్రీ, స్వతంత్రులైన నల్లవారి పిల్లలకు తన యింట చదువు చెప్పిన నేరమునకు 1854లో ఒక నెల చెరసాలలో నుండెను. సరిగా ఆ ప్రాంతముననే, పదునాలుగు ఏండ్ల కార్నీ, పని లేని వేళలలో, ఒక బోధకుడు రహస్యముగా నడుపుచున్న బడికి పోయి అక్షరములు నేర్చుకొనెను. మరుసటి యేట సువార్తను అంగీకరించెను. ఈ సంగతులు ఆయన తరువాతి కాలమున వ్రాసిన జాబువలన తెలియుచున్నవి.

ఆ దక్షిణ రాష్ట్రములలో దాసులకు వాక్యోపదేశము లేకపోలేదు. ఉండెను. అయితే యజమానులు మెచ్చిన బోధకులు వారికి పదే పదే వినిపించిన పాఠము ఒక్కటే: దాసులు యజమానులకు లోబడవలెనని. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయములో ఆ మాట ఉన్నది నిజమే. దానికి నాలుగు వచనముల క్రిందనే యజమానుల కియ్యబడిన ఆజ్ఞయు ఉన్నది. కొలస్సీ పత్రికలోనైతే, దాసులకు న్యాయమైనది, ధర్మమైనది ఇయ్యవలెనని యజమానులకు తేటగా చెప్పబడినది. ఒకే పుటలో నున్న రెండు మాటలలో ఒకటి గట్టిగా చదివి, రెండవదానిని మ్రింగివేయు అలవాటు వర్జీనియాతో ప్రారంభము కాలేదు, అక్కడ ముగియను లేదు.

యుద్ధమునకు ముందే కార్నీ కుటుంబము ఉత్తరమున మసాచుసెట్సు రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డు పట్టణము చేరెను. తిమింగలముల వేటకు పేరుపడిన ఓడరేవది. దాస్యమునుండి తప్పించుకొని వచ్చిన అనేకులకు ఆశ్రయపురము. ప్రసిద్ధ వక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్ కూడ 1838లో పారిపోయి వచ్చినప్పుడు మొదట అక్కడనే నిలిచెను. అక్కడ కార్నీ కూలి పనులు చేసికొనుచు, దేవుని పరిచర్యకు సిద్ధపడవలెనని మనస్సులో నిశ్చయించుకొనెను. ఆయన కోరినది ప్రసంగ వేదిక. తుపాకి కాదు.

1861లో ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును యుద్ధము ప్రారంభమయ్యెను. దాస్యమును నిలుపుకొనుటకై దక్షిణ రాష్ట్రములు దేశమునుండి వేరుపడుటయే దానికి మూలము. మొదటి రెండేండ్లు ఉత్తరాది ప్రభుత్వము నల్లవారిని సైనికులుగా చేర్చుకొనుటకు వెనుకాడెను. వారు పోరాడలేరని కొందరు, పోరాడనియ్యకూడదని కొందరు అనిరి. 1863 జనవరి 1వ తేదీన అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన చేసిన పిమ్మట ద్వారము తెరువబడెను. మసాచుసెట్సు గవర్నరు జాన్ ఆండ్రూ 54వ పటాలమును సమకూర్చెను. సైనికులందరు నల్లవారు, అధికారులు తెల్లవారు. ఫిబ్రవరి నెలలో కార్నీ అందు చేరెను. ఫ్రెడరిక్ డగ్లస్ కుమారులిద్దరును చేరిరి. పరిచర్యకు పోవలెననుకొన్న నీవు ఇట్లేల పోయితివని అడుగువారికి కార్నీ తన జాబులో ఇచ్చిన ఉత్తరము చిన్నదే: దేశము అందరిని పిలుచుచున్న ఆ వేళ, దేశమునకును బాధింపబడుచున్న తన సహోదరులకును సేవ చేయుటయే దేవుని సేవించుటకు మంచి మార్గమని ఆయన తలచెను.

వారికి కాచుకొనియున్న అపాయము సామాన్యమైనది కాదు. పట్టుబడిన నల్ల సైనికులను యుద్ధఖైదీలుగా ఎంచక, రాష్ట్రముల చట్టములకు అప్పగింతుమని శత్రుప్రభుత్వము ముందే ప్రకటించియుండెను. అనగా ఉరియో, తిరిగి దాస్యమో. అది తెలిసియే వారు చేరిరి. 1863 మే 28వ తేదీన ఆ పటాలము బోస్టను వీధులలో నడిచి ఓడ నెక్కెను. మన తెలుగువారికి ఆ రేవు బొత్తిగా పరాయిది కాదు. ఆ యుద్ధము ఇంకను సాగుచుండగనే, 1864లో అదే బోస్టనునుండి జాన్ క్లౌ దొరగారు ఓడ నెక్కి నెల్లూరికి, అటు తరువాత ఒంగోలుకు వచ్చిరి. అది వేరొక కథ.

జూలై 18వ తేదీ సాయంకాలమునకు వత్తము. దక్షిణ కెరొలీనాలోని చార్లెస్టను రేవు ముఖద్వారమున మారిస్ అను ద్వీపము కలదు. దానిమీద శత్రువులు ఇసుకతోను దుంగలతోను కట్టిన వాగ్నరు కోట ఉండెను. దానిని సమీపించుటకు ఒక్కటే దారి: ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క బురదనేల, నడుమ సన్నని ఇసుకతిన్నె. ఆ దినమంతయు ఓడలనుండియు గట్టునుండియు ఫిరంగులు ఆ కోటమీద గుండ్లు కురిపించినవి. లోపలివారందరు చచ్చియుందురని సేనాధిపతులు తలచిరి. వారు చావలేదు, నేలమాళిగలలో దాగి ప్రొద్దు గ్రుంకువరకు ఓపిక పట్టిరి.

54వ పటాలమువారు అప్పటికి రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు, కడుపునిండ తినలేదు. రెండు దినముల ముందే వేరొక ద్వీపములో పోరాడి వచ్చిరి. అయినను ముందు వరుసలో నడచు గౌరవము వారికియ్యగా, వారి కర్నలు రాబర్టు గూల్డ్ షా అంగీకరించెను. ఆయనకు 25 ఏండ్లు. చీకటిపడు వేళ దాదాపు 600 మంది ఆ ఇసుకతిన్నెమీద నడచిరి, పిమ్మట పరుగెత్తిరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. ఆ కాలపు యుద్ధములలో జెండా అలంకారముకొరకు కాదు. తుపాకిమందు పొగలో సైనికునికి పది అడుగుల దూరములో నున్నది కనబడదు. చెవులకు ఆజ్ఞ వినబడదు. జెండా ఎక్కడనో పటాలము అక్కడ. జెండా ముందుకు పోయిన వారును ముందుకు పోవుదురు, అది పడిన చెదరిపోవుదురు. అందుచేత శత్రువు మొదట గురిపెట్టునది జెండా పట్టినవానినే. జెండా పట్టినవాడో, చేతులు రెండును దానికే అప్పగించినవాడై, తిరిగి కాల్చలేడు. అమాలేకీయులతో యుద్ధమందు మోషే కొండమీద చేతులెత్తియుండుటను, ఆ తరువాత కట్టిన బలిపీఠమునకు యెహోవా నిస్సీ అని పేరు పెట్టుటను నిర్గమకాండము 17వ అధ్యాయములో చదువుదుము. అక్కడను గెలిపించినది చేతిలోని కత్తి కాదు, ఎత్తబడి నిలిచిన చేయి.

జాతీయ ధ్వజము పట్టినవాడు గుండు తగిలి కూలుచుండగా సార్జెంటు కార్నీ చూచెను. తన తుపాకి పారవైచి, జెండా నేలబడకముందే పట్టుకొనెను. దానితో కోటగోడ ఎక్కెను. అప్పటికే కర్నలు షా ఆ గోడమీదనే ప్రాణము విడిచెను. చుట్టు చూడగా నిలిచియున్నవారు లేరు. చచ్చినవారును గాయపడినవారును మాత్రమే ఉండిరి. కార్నీ జెండాను గోడమీద నాటి, దాని మొదట మోకాళ్లూని కనిపెట్టియుండెను. కొంతసేపటికి చీకటిలో ఒక గుంపు తనవైపు వచ్చుచుండుట చూచి, మనవారేయని సంతోషించెను. దగ్గరకు రాగా వారు శత్రువులు. అప్పుడాయన జెండాను కఱ్ఱకు చుట్టి, గోడ దిగి, నడుములోతు నీళ్లున్న కందకము దాటి వెనుకకు మరలెను. దారిలో గుండ్లు మరల మరల తగిలినవి. కొంతదూరము నడచెను, కొంతదూరము మోకాళ్లమీద ప్రాకెను. న్యూయార్కు పటాలమువాడొకడు ఎదురై, జాలిపడి, జెండా నాకిమ్ము, నేను మోసెదననెను. ఆ మనుష్యుని సహాయము కార్నీ త్రోసిపుచ్చలేదు, గాయములకు కట్టు కట్టనిచ్చెను. జెండా మాత్రమియ్యలేదు. 54వ పటాలమువానికి తప్ప దీనిని ఎవరికిని అప్పగించనని చెప్పెను.

గాయపడినవారుండు చోటికి ఆయన ఆ జెండాతో రాగా, పడియున్నవారు సయితము జయధ్వని చేసిరట. అప్పుడాయన చెప్పినది ఇంతే: తాను తన విధి మాత్రమే చేసెననియు, జెండా ఒక్కసారియైనను నేలను తాకలేదనియు. అంతట స్పృహ తప్పెను.

యుద్ధమును పొగడుట మా ఉద్దేశ్యము కాదు. ఆ రాత్రి దాడి చేసిన సైన్యములో మొత్తము 1,515 మంది చచ్చియు, గాయపడియు, కనబడకయు పోయిరి. 54వ పటాలములోనే రమారమి 270 మంది. కోట చిక్కలేదు. రాష్ట్ర ధ్వజము శత్రువుల పాలయ్యెను. లోకపు లెక్కలో అది ఓటమి. షా దేహమును అతని నల్ల సైనికులతోకూడ ఒకే గుంటలో శత్రువులు పాతిపెట్టిరి. అట్లు చేయుట అవమానమని వారి తలంపు. అతని తండ్రి, కుమారుని దేహమును అక్కడనుండి తీయవద్దని కోరుచు, తన మనుష్యుల నడుమ పండుకొనియుండుటకంటె మంచి స్థలము వానికి దొరకదని భావించెను. సెప్టెంబరు మొదటి వారములో శత్రువులే ఆ కోటను విడిచి వెళ్లిపోయిరి.

ఇప్పుడు జీతము సంగతి. దీనిని మనము త్వరగా దాటిపోరాదు. లూకా 17వ అధ్యాయము మనలను పరీక్షించునది ఇక్కడనే.

పటాలములో చేరినప్పుడు వారికి తెల్ల సైనికునితో సమానముగా నెలకు 13 డాలరులు ఇత్తుమని మాట ఇయ్యబడెను. జీతము పంచు దినము వచ్చినప్పుడు, నల్లవారికి 10 డాలరులే, అందులో బట్టలకు 3 డాలరులు తీసివేయగా 7 డాలరులు అనిరి. అది సైనికుని జీతము కాదు. మూటలు మోయు కూలివారికి చట్టము ఏర్పరచిన లెక్క. 54వ పటాలమువారు ఆ 7 డాలరులు పుచ్చుకొనలేదు. వాగ్నరు కోటకు ముందును పుచ్చుకొనలేదు, తరువాతను పుచ్చుకొనలేదు. తక్కువైన సొమ్ము మేము కలిపి ఇత్తుమని మసాచుసెట్సు రాష్ట్రము దయతో ముందుకు వచ్చెను. దానిని కూడ వద్దనిరి. దాదాపు 18 నెలలు ఒక్క డాలరు లేకుండ కాపు కాచిరి, కందకములు త్రవ్విరి, పోరాడిరి, చచ్చిరి. ఇంటియొద్ద భార్యాబిడ్డలు ఆకలితో నుండిరి. కొందరి కుటుంబములు ధర్మసత్రములకు పోవలసివచ్చెను.

ఇది గర్వమా? ప్రియులారా, మేమును ఈ ప్రశ్నను కొంతకాలము మనస్సులో త్రిప్పికొంటిమి. తన విధి మాత్రమే చేసెననిన కార్నీకిని, 7 డాలరులు ముట్టమనిన ఆయన పటాలమునకును పొత్తు కుదురునా? విధి చేసినవాడు ఇచ్చినది పుచ్చుకొని మాటాడక ఉండవలదా?

కుదురుననియే మా తలంపు. వారు ఎక్కువ అడుగలేదు. మరియు వారు పని మానలేదు. రాష్ట్రము కలిపి ఇయ్యబోయినప్పుడు మొత్తము 13 డాలరులే అగుచుండెను గదా. సొమ్మే వారికి కావలసినదైతే దానిని ఏల వద్దందురు? 7 డాలరులు పుచ్చుకొనుట అనగా, మేము తక్కువ మనుష్యులమని చేవ్రాలు చేయుట. ఆ అబద్ధమునకు వారు చేవ్రాలు చేయలేదు. విధి చేయుట వేరు, అబద్ధమునకు ఒప్పుకొనుట వేరు. మొదటిదానిని వారు ప్రాణముతో చేసిరి. రెండవదానిని ఆకలితో నిరాకరించిరి.

అందరికిని ఆ దారి అంత మెత్తగా సాగలేదు. దక్షిణ కెరొలీనాలో చేర్చుకొనబడిన వేరొక నల్ల పటాలములో విలియం వాకర్ అను సార్జెంటు, జీతము న్యాయముగా ఇచ్చువరకు పని చేయమని తన మనుష్యులతో తుపాకులు క్రింద పెట్టించెను. దానిని తిరుగుబాటని తీర్పు తీర్చి 1864లో ఆయనను కాల్చి చంపిరి. చట్టము ప్రకారమే చేసిరి. మొదట మాట తప్పినది ఎవరో ఆ న్యాయస్థానము విచారింపలేదు.

1864 జూన్ నెలలో అమెరికా శాసనసభ సమాన జీతమునకు ఒప్పుకొనెను. ఒప్పుకొని కూడ ఒక మెలిక పెట్టెను. 1861 ఏప్రిల్ 19వ తేదీ నాటికి స్వతంత్రులైయున్నవారికే చేరిన దినమునుండి పూర్తి బాకీ చెల్లునట. అంతవరకు ఎవని దాసుడవని ఎవరును అడుగని పటాలములో, ఇప్పుడు ప్రతివాడును ప్రమాణము చేయవలెను. షా తరువాత కర్నలైన ఎడ్వర్డు హాలోవెల్, క్వేకరు కుటుంబమువాడు, ఒక ప్రమాణము వ్రాసెను: ఆ తేదీనాటికి తన కష్టమును ఊరక పుచ్చుకొనుటకు ఎవనికిని హక్కు లేకుండెనని. మనుష్యుని చట్టము ఏమి చెప్పినను, దేవుని యెదుట ఏ మనుష్యుని కష్టమునకును వేరొకడు యజమానుడు కాడు గనుక, పారిపోయి వచ్చిన దాసుడు సయితము మనస్సాక్షి కలవరపడకుండ ఆ ప్రమాణము చేయగలిగెను. చేసిరి. బాకీ పూర్తిగా చెల్లెను. ఆ ప్రమాణములోని వేదాంతము అనేక ప్రసంగములలో లేదని మాకు తోచుచున్నది. కార్నీ మాత్రము ఆ జూన్ నెల చివరననే, గాయములు మానక పనికి తగనివాడని విడుదల పొంది ఇల్లు చేరెను.

ఇప్పుడు ఉపమానమునకు మరలుదము. ప్రభువు ఆ మాట ఎవరి నోటిలో పెట్టెను? దాసుని నోటిలో పెట్టెను. మీరు ఇట్లు చెప్పుకొనుడని శిష్యులతో చెప్పెను. యజమానుని నోటిలో పెట్టలేదు. నీవు నీ విధి మాత్రమే చేసితివి, నీకేమియు రాదని పనివానితో చెప్పు హక్కు ఆ నాలుగు వచనములలో ఎవరికిని ఇయ్యబడలేదు. ఒకే మాట, దాసుడు పలికిన వినయము, యజమానుడు పలికిన దోపిడి. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. పట్టియుంచిన కూలి మొఱ్ఱపెట్టుననియు, ఆ మొఱ్ఱ సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరుననియు యాకోబు పత్రిక 5వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

ఈ మాట మన సంఘములకు కూడ తగులును. దేవుని పని గదా, జీతమేల అని బైబిలు స్త్రీతో అనువారు తాము ఉద్యోగము చేయు కచేరీలో ఆ మాట అనరు. గంట కొట్టి, గుడి ఊడ్చి, చాపలు పరచి, దీపములు చూచుకొను ముసలివానికి నెలజీతము రెండు నెలలు నిలిచిపోయినను కమిటీలో ఎవరికిని గుర్తుండదు. ఆయన నోరు తెరచి అడిగినచో, ఈయనకు సేవాభావము తగ్గినదందురు. ఆయన సేవాభావమును కొలుచు పని మనది కాదు. మన పని ఆయన జీతము లెక్క చూచుట.

మరియొక సంగతి. 17వ అధ్యాయములోని యజమానుడు మన ప్రభువువంటివాడని తొందరపడి అనుకొనరాదు. అదే లూకా సువార్త 12వ అధ్యాయము 37వ వచనము చూడుడు. అక్కడ, రాత్రి మెలకువగా నుండి తన కొరకు కనిపెట్టిన దాసులను కూర్చుండబెట్టి, యజమానుడే నడుము కట్టుకొని వడ్డించుట చూతుము. ఐదు అధ్యాయముల దూరములో ఇద్దరు యజమానులు! మేడగదిలో తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినవాడు వీరిలో ఎవరిని పోలియున్నాడో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

కార్నీ యుద్ధమునుండి వచ్చిన తరువాత 1865లో వివాహము చేసికొనెను. కొన్నాళ్లు కాలిఫోర్నియాకు పోయి చూచెను గాని, తిరిగి న్యూ బెడ్‌ఫర్డు చేరెను. అక్కడ తపాలా జవానుగా కుదురుకొని, 30 ఏండ్లకు పైగా ఆ పట్టణపు గుమ్మములకు ఉత్తరములు మోసెను. వాగ్నరు కోట గాయములున్న కాళ్లతోనే ఆ వీధులన్నియు తిరిగెను. ప్రసంగ వేదిక ఆయనకు దొరకలేదు. జాబుల సంచి దొరికెను. అందును గూర్చి ఆయన సణిగినట్లు మేమెక్కడను చదువలేదు.

1897 మే 31వ తేదీన బోస్టనులో కర్నలు షాకును, 54వ పటాలమునకును కంచు శిల్పమొకటి ఆవిష్కరింపబడెను. సెయింట్ గాడెన్స్ అను శిల్పి దానిని చెక్కెను. ఆ సభలో నల్లజాతి విద్యానాయకుడైన బుకర్ టి. వాషింగ్టన్ ప్రసంగించుచు, ముందు వరుసలో కూర్చుండిన కార్నీవైపు తిరిగి ఆయన పేరెత్తెను. కార్నీ చేతిలో ఆ పాత జెండా ఉండెను. తన్ను తాను మరచినవానివలె ఆయన లేచి నిలిచి జెండాను పైకెత్తెను. సభ అంతయు కొన్ని నిమిషములు అదుపు తప్పెనని వాషింగ్టన్ తరువాత వ్రాసికొనెను. ఆ శిల్పముమీద మొదట చెక్కినవి చనిపోయిన తెల్ల అధికారుల పేర్లే. అక్కడ చచ్చిన నల్ల సైనికుల పేర్లు చెక్కుట 1982లో జరిగెను.

అమెరికాలో సైనికునికిచ్చు అత్యున్నత పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ పతకము కార్నీకి 1900 మే 23వ తేదీన ఇయ్యబడెను. అప్పటికి ఆయనకు 60 ఏండ్లు. (ఫిబ్రవరి 29న పుట్టినవానికి పుట్టినరోజు నాలుగేండ్లకొకసారి గదా, 1900వ సంవత్సరములో ఆ తేదీయే లేదు!) ఆయనకంటె తరువాత సాహసము చేసిన నల్లవారు ఆయనకంటె ముందుగా ఆ పతకము పొందిరి, 1864 సెప్టెంబరులో వర్జీనియాలోని న్యూ మార్కెట్ హైట్స్ అనుచోట పోరాడినవారిలో పదునలుగురు అట్టివారు. అయితే ఆ పతకమునకు పాత్రమైన నల్ల సైనికుల కార్యములలో, కాలక్రమమున చూడగా, కార్నీ కార్యమే మొదటిది. మొదట పని చేసినవాడు కడపట కూలి పొందెను. ద్రాక్షతోట ఉపమానమును మనుష్యులు ఇట్లును నెరవేర్చుదురు.

37 ఏండ్లు ఎక్కువయని అనుకొందుమా? 54వ పటాలమునకు తమ్మునివంటిది 55వ పటాలము. అందు ఆండ్రూ జాక్సన్ స్మిత్ అను కార్పొరల్, 1864 నవంబరు 30న హనీ హిల్ యుద్ధములో జెండా పట్టినవాడు కూలగా దానిని ఎత్తి కాపాడెను. ఆయన 1932లో చనిపోయెను. ఆయన పతకము 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ చేతిమీదుగా ఆయన సంతతివారికి చేరెను. 136 సంవత్సరములు!

తపాలా పనినుండి విరమించిన తరువాత కార్నీ బోస్టనులోని రాష్ట్ర శాసనసభా భవనములో బంట్రోతుగా చేరెను. ఒకరి కాగితము ఒకరికి అందించు పని. 1908 నవంబరులో ఆ భవనపు లిఫ్టులో కాలు నలిగి ఆసుపత్రి పాలయ్యెను. డిసెంబరు నెలలో ప్రభువునందు నిద్రించెను. న్యూ బెడ్‌ఫర్డులో ఆయనను సమాధి చేసిరి. గవర్నరులకును అధ్యక్షులకును అట్టి పెద్దలకును మాత్రమే చేయు మర్యాద ఆ రాష్ట్రములో ఒకటి ఉండెను. ఆ డిసెంబరు నెలలో బంట్రోతు కొరకు శాసనసభా భవనముమీది జెండాను సగమునకు దించిరి.